‘లేచి నడిచాడుగా’ అంటున్నారు.. నా తలకు తగిలిన దెబ్బ భ్రమేనా?

ప్రశ్న: నా వయసు 26 ఏళ్లు. ఐదు వారాల క్రితం ఒక నిరసనలో పాల్గొన్నాను. పోలీసు లాఠీ దెబ్బ ముందు ఎడమ ముంజేతికి, ఆ వెంటనే తలకు తగిలింది. కింద పడిపోయానట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే ఆ కాసేపు నాకు అస్సలు గుర్తులేదు. ఎవరో తీసిన 19 సెకన్ల వీడియో చూశాకే తెలిసింది. దాని మీద ఇప్పుడు పెద్ద చర్చ నడుస్తోంది. పోలీసులది తప్పని కొందరు, ‘లేచి నడుచుకుంటూ వెళ్లాడుగా, అంతా నటన’ అని కొందరు. మా బాబాయి కూడా అదే మాట అన్నారు. ఆ రాత్రి తీసిన సీటీ స్కాన్ నార్మల్. కానీ తలనొప్పి తగ్గడం లేదు. వెలుతురు భరించలేకపోతున్నా. చదువుతుంటే వరుస తప్పుతోంది. సైరన్ వింటే గుండె దడ. నిద్ర లేదు. రాత్రి పూట ఆ వీడియోనే ఇరవై ముప్పై సార్లు చూస్తున్నా. నెమ్మదిగా ఆడించి చూస్తే నేనే చెయ్యెత్తి వాళ్ల మీదికి వెళ్లినట్టు అనిపిస్తోంది. లింకు పంపుతున్నా. నాకు నిజంగా దెబ్బ తగిలిందా, లేక ఇదంతా భ్రమా? – ఓ పాఠకుడు

జవాబు: భ్రమ కాదు. మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించకుండా తుది నిర్ధారణ చెప్పలేను. కానీ మీరు రాసిన లక్షణాలు తలకు దెబ్బ తగిలాక వచ్చే కంకషన్‌కు (మెదడు అదిరి దాని పనితీరు దెబ్బతినడానికి) సరిపోతున్నాయి. దానికి తోడు ఆ ఘటన తాలూకు భయం మనసులో పాతుకుపోతున్న సూచనలూ ఉన్నాయి. రెండూ నిజమైన సమస్యలే, రెండింటికీ చికిత్స ఉంది.

మీ వీడియోను శబ్దం తీసేసి రెండుసార్లు చూశాను. జనం చూసింది మీరు లేవడం. నేను చూసింది అంతకు ముందు, ఆ తర్వాత జరిగింది. పడేటప్పుడు మీ చేతులు నేలకు ఆనలేదు. స్పృహలో ఉన్న మనిషి ఎంత గబుక్కున పడినా చేయి అడ్డం పెట్టుకుంటాడు. ఆ తర్వాత దాదాపు నాలుగు సెకన్లు కదలిక లేదు. లేవడానికి మొదటిసారి చేసిన ప్రయత్నం విఫలమైంది. లేచాక రెండడుగులు పక్కకు తూలి ఇనుప కడ్డీ పట్టుకున్నారు. ఎరుపు చొక్కా వేసుకున్న ఒకాయన మీ ముఖంలో ముఖం పెట్టి ఏదో అడుగుతున్నారు. మీరు ఆయన వైపు చూస్తున్నారు గానీ ఆ చూపులో ఏమీ లేదు.

రగ్బీ లాంటి ఆటల్లో మైదానం పక్కన కూర్చున్న వైద్య బృందం రీప్లేలో సరిగ్గా వీటినే వెతుకుతుంది. అడ్డం పెట్టుకోకుండా పడటం, కదలకుండా ఉండిపోవడం, తూలడం, శూన్యంగా చూడటం. వీటిలో ఒకటి కనిపించినా ఆటగాడు ‘నాకేం కాలేదు’ అని ఎంత మొత్తుకున్నా బయటికి పంపిస్తారు. లేచి నడవగలగడం తలకు దెబ్బ తగల్లేదనడానికి కొలమానం కాదు. పుర్రె లోపల రక్తనాళం చిట్లి రక్తం చేరుతున్న రోగి కూడా మొదటి గంట రెండు గంటలు మామూలుగా మాట్లాడుతూ నడిచి, ఆ తర్వాత కుప్పకూలడం మాకు తెలిసిన సంగతే. మీకు ఆ కాసేపు గుర్తులేకపోవడం కూడా మెదడు అదిరిందనడానికి గట్టి సూచన. నటించేవాడికి తన నటన గుర్తుంటుంది.

మరి స్కాన్ నార్మల్ ఎందుకు వచ్చింది? సీటీ స్కాన్ చూసేది రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని. కంకషన్‌లో మెదడు కణాల పనితీరు దెబ్బతింటుంది, ఆకారం కాదు. గోడకు బీటలున్నాయా అని తీసిన ఫొటోలో లోపలి తీగల్లో కరెంటు సరిగా పారుతోందో లేదో కనిపించదు కదా. నార్మల్ స్కాన్ అంటే ఆ రాత్రికి ప్రాణాపాయం లేదని మాత్రమే అర్థం.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు 2020 జూన్ 4న అమెరికాలోని బఫెలో నగరంలో జరిగిన ఘటన గుర్తొచ్చింది. పోలీసు మోకాలి కింద ఊపిరాడక చనిపోయిన నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ మరణంపై నిరసనలు జరుగుతున్న రోజులవి. 75 ఏళ్ల వృద్ధుడు ఒకరు పోలీసుల వరుసకు ఎదురెళ్లారు. ఆయన కాలు తట్టుకుని పడిపోయారని పోలీసులు మొదట ప్రకటించారు. కాసేపటికే వచ్చిన వీడియోలో ఇద్దరు పోలీసులు ఆయన్ను తోయడం కనిపించింది. వెల్లకిలా పడ్డ కొద్ది క్షణాల్లోనే చెవి దగ్గర రక్తం. తలకు దెబ్బ తగిలినవాళ్లకు చెవిలోంచి రక్తం వచ్చిందంటే పుర్రె అడుగు భాగం పగిలి ఉండొచ్చని మాకు చదువుకునే రోజుల్లోనే నూరిపోస్తారు. ఆయన పుర్రె పగిలింది. దాదాపు నాలుగు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. అయినా అప్పటి దేశాధ్యక్షుడే, తోసినదానికన్నా గట్టిగా పడ్డాడని, ఇదంతా పన్నాగం కావచ్చని ట్వీట్ చేశారు. ఆ ఇద్దరు పోలీసులపై అభియోగాలు మోపడానికి 2021 ఫిబ్రవరిలో గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) ఒప్పుకోలేదు. ఆ నిర్ణయంపై ఎవరి అభిప్రాయం వారిది. పుర్రె పగిలిందా లేదా అన్నది మాత్రం అభిప్రాయం కాదు. మీ తల విషయంలోనూ అంతే. దాన్ని తేల్చాల్సింది వైద్య పరీక్ష, జనం ఓట్లు కాదు.

ఇక మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ తొలిచేస్తున్న విషయం, చెయ్యెత్తడం. దయచేసి ఆ వీడియోను నెమ్మదిగా ఆడించడం మానేయండి. ఒకే దృశ్యాన్ని మామూలు వేగంతో చూపినప్పటికన్నా నెమ్మదిగా చూపినప్పుడు ‘కావాలనే చేశాడు’ అని చూసేవాళ్లు ఎక్కువగా భావిస్తారని అమెరికాలో 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. కారణం తేలికే. అర సెకనులో జరిగింది ఐదు సెకన్లు సాగితే, ఆలోచించుకునే వ్యవధి ఉన్నట్టు మనకు భ్రాంతి కలుగుతుంది. 1991 మార్చి 3న లాస్ ఏంజెలెస్‌లో రోడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ని పోలీసులు కొడుతుండగా తీసిన వీడియోను కూడా 1992లో కోర్టులో పోలీసుల తరఫు న్యాయవాదులు ఒక్కో ఫ్రేమూ ఆపి ఆపి చూపించారు. ఆయన శరీరం కదిలిన ప్రతిసారీ ఎదురుతిరుగుతున్నట్టు వివరించారు. మీరు రోజూ రాత్రి మీ మీద మీరే అదే వాదన వినిపించుకుంటున్నారు.

మామూలు వేగంలో నేను చూసింది ఇది: లాఠీ లేచింది, మీ ముంజేయి ముఖానికి అడ్డంగా లేచింది. అది ప్రతివర్తన చర్య. దానికి ఆలోచనతో పనిలేదు. ఇలా అడ్డం పెట్టినప్పుడు ముంజేతిలో చిటికెన వేలి వైపు ఉండే అల్నా ఎముక విరగొచ్చు. వైద్య పుస్తకాల్లో దానికి ‘నైట్‌స్టిక్ ఫ్రాక్చర్’ అనే పేరుంది. నైట్‌స్టిక్ అంటే పోలీసు లాఠీయే. తనను తాను కాపాడుకున్న చేతికి వచ్చే గాయానికి పేరే అలా స్థిరపడింది. చేతికి ఎక్స్‌రే తీయించినట్టు మీరు రాయలేదు. ఐదు వారాల తర్వాత కూడా అక్కడ నొక్కితే నొప్పి ఉంటే తప్పకుండా తీయించండి.

చర్చ గురించి నా అభిప్రాయం దాచుకోను. లాఠీ వాడాల్సి వచ్చినా తల, మెడ, వెన్ను, కడుపు, మూత్రపిండాల భాగాలపై పడకుండా చూడాలని ఐక్యరాజ్యసమితి 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. తల మీద దెబ్బ ప్రాణాలు తీయగలదని తెలిసే ఆ మాట రాశారు. 19 సెకన్ల ముందు ఏం జరిగిందో వీడియో చెప్పదన్న వాదనలో న్యాయం ఉంది. విచారణ ఉన్నది అందుకే. పోలీసులు ధరించే కెమెరా దృశ్యాలు కూడా వచ్చి పక్కపక్కన పెట్టి చూడాలి. కానీ అంతకు ముందు ఏం జరిగినా తల మీద కొట్టడం సరైనదైపోదు. వైద్యుడిగా నేను ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేను.

వీడియోను ఓపికగా పదేపదే చూడాల్సిన వాళ్లు వేరే ఉన్నారు. జార్జ్ ఫ్లాయిడ్ కేసులో పోలీసుల మొదటి ప్రకటన ఆయన మరణాన్ని ‘వైద్యపరమైన ఘటన’గా చెప్పింది. 17 ఏళ్ల అమ్మాయి తన ఫోన్‌లో తీసిన వీడియో ఆ మాటను నిలబడనివ్వలేదు. 2021 ఏప్రిల్‌లో ఊపిరితిత్తుల నిపుణుడు డాక్టర్ మార్టిన్ టోబిన్ కోర్టులో సాక్ష్యమిస్తూ, వీడియోలో కొన్ని భాగాలను వందల సార్లు చూశానన్నారు. ఫ్లాయిడ్ శ్వాసలను లెక్కపెట్టి, ఊపిరి ఎలా ఆగిందో జ్యూరీకి విడమరిచి చెప్పారు. అది ఆయన వృత్తి. దెబ్బ తిన్న మనిషి చేయాల్సిన పని కాదు.

2013లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత జరిగిన ఓ అధ్యయనం ఉంది. ఆ వారమంతా రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తల్లోనే మునిగిపోయిన వాళ్లలో, పేలుళ్ల చోట ఉన్నవాళ్లలో కన్నా తీవ్రమైన ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. మీరు రెండు రకాలుగానూ బాధితులు. సంఘటనను తలచుకునేలా చేసే చికిత్సలు మా దగ్గరా ఉన్నాయి, కానీ అది పగటిపూట, తోడుగా ఒక నిపుణుడు కూర్చుని, భయం తగ్గేదాకా ఆగి చేసే పని. అర్ధరాత్రి ఒంటరిగా, కింద జనం తిట్లు చదువుతూ చూస్తే పుండును మళ్లీ రేపుకోవడమే అవుతుంది.

కాబట్టి ఈ రోజే చేయండి: తీసినవారి దగ్గర ఉన్న అసలు ఫైలును కత్తిరించకుండా, మెసేజింగ్ యాప్‌లో పంపించుకోకుండా నేరుగా కాపీ చేయించుకోండి. యాప్‌లలో పంపితే నాణ్యత తగ్గుతుంది, తేదీ సమయం వంటి వివరాలు పోతాయి. దాన్ని మీ న్యాయవాదికో, నమ్మకమైన మనిషికో అప్పగించి మీ ఫోన్‌లోంచి తీసేయండి. సాక్ష్యం భద్రంగా ఉందన్న ధీమా ఉంటే మాటిమాటికీ చూడాలన్న తపన తగ్గుతుంది.

వైద్యపరంగా చేయాల్సినవి. న్యూరాలజిస్టును కలవండి. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, పొద్దున లేవగానే ఎక్కువగా ఉండి వాంతులవుతున్నా, చేయీ కాలూ పట్టు తప్పినా, మాట తడబడినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. మొదటి రోజు స్కాన్ బాగున్నా వారాల తర్వాత మెదడు పొరల మధ్య నెమ్మదిగా రక్తం చేరే అవకాశం అరుదుగా ఉంటుంది. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి.

చదువుతుంటే వరుస తప్పడానికి చాలాసార్లు కారణం రెండు కళ్లూ కలిసి దగ్గరి వస్తువు మీద నిలవలేకపోవడం. పెన్ను కొసను చూస్తూ మెల్లగా ముక్కు దగ్గరికి తీసుకురండి. మామూలుగా ఐదారు సెంటీమీటర్ల దూరం దాకా అది ఒకటిగానే కనిపిస్తుంది. ఇంకా ముందే రెండుగా చీలితే డాక్టరుకు చెప్పండి, కళ్ల వ్యాయామాలతో ఇది బాగుపడుతుంది.

చీకటి గదిలో రోజుల తరబడి పడుకోవద్దు. మొదటి ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత మెదడుకు కావాల్సింది మెల్లగా పెరిగే పని. పదిహేను ఇరవై నిమిషాల నడకతో మొదలుపెట్టండి, తలనొప్పి బాగా ఎక్కువైతే తగ్గించండి. నొప్పి మాత్రలు వారానికి రెండు మూడు రోజులకు మించి వేసుకుంటే వాటి వల్లే తలనొప్పి వస్తుంది. మద్యం వద్దు. లక్షణాలు పూర్తిగా పోయేదాకా తోపులాట జరిగే గుంపుల్లోకి వెళ్లకండి. నిరసన తెలపడం మీ హక్కు, దాన్ని వదులుకోమనడం లేదు. మానుతున్న మెదడుకు రెండో దెబ్బ తగిలితే చాలా ప్రమాదం.

దడ, ఉలికిపాటు, నిద్రలేమి నెల దాటాయి కాబట్టి మానసిక వైద్య నిపుణుల్నీ కలవండి. ఆ జ్ఞాపకం మీదే పనిచేసే ప్రత్యేక కౌన్సెలింగ్ పద్ధతులు ఇలాంటప్పుడు బాగా ఫలిస్తాయి. నిద్రమాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి.

చివరిగా కాగితాలు. లాఠీ దెబ్బకు చర్మం మీద రైలు పట్టాల్లా రెండు సమాంతర గీతలు కమిలి, మధ్యలో పాలిపోయి ఉంటుంది. నేను చూసిన ఒకరి వీపు మీద ఆ గుర్తు స్కేలుతో గీసినంత స్పష్టంగా ఉంది. పది రోజులకు పసుపు మచ్చగా మారి కలిసిపోయింది. మీ చేతి మీది గుర్తు కూడా ఈపాటికి పోయి ఉంటుంది. ఆ రోజుల్లో మీరు గానీ ఇంట్లోవాళ్లు గానీ తీసిన ఫొటోలుంటే తేదీలతో సహా దాచండి. ఆ రాత్రి ఆసుపత్రిలో రాసిన కేసు షీటు, స్కాన్ రిపోర్టుల నకళ్లు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

డాక్టరు దగ్గరికి మీ బాబాయిగారిని వెంట తీసుకెళ్లండి. మీరు ఏం మరచిపోతున్నారో, మాట మధ్యలో ఎక్కడ ఆగిపోతున్నారో పక్కనున్నవాళ్లే బాగా చెప్పగలరు. పెన్ను పరీక్ష చేస్తున్నప్పుడు ఆయన్ను మీ కళ్ల వైపు చూడమనండి.