జపనీస్ నాట్‌వీడ్: తవ్వితే పోతుందా, తింటే పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండ్‌లో ఒక ఇల్లు చూసుకున్నారు. పెరటి గోడ పక్కన జపనీస్ నాట్‌వీడ్ పెరుగుతోందని సర్వేయరు నివేదికలో రాయడంతో ఇంటి రుణం నిలిచిపోయింది. ఒక కలుపు మొక్కకు ఇంత రాద్ధాంతమా? మనిషిని పెట్టి తవ్విస్తే సరిపోదా? – ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: తవ్వించవద్దని ముందుగా మీ అమ్మాయికి చెప్పండి. ఈ మొక్క బలమంతా నేల లోపలే ఉంటుంది. అల్లం, పసుపు మాదిరిగా దీనికీ కొమ్ములుంటాయి. విరిస్తే లోపల నారింజ రంగు కనిపిస్తుంది. వాటిలో ఒక గ్రాము కూడా తూగని ముక్క తడి మట్టిలో పడినా మళ్లీ మొలవగలదు. బ్రిటన్‌లో ఈ మొక్క గింజల ద్వారా వ్యాపించలేదు. అక్కడ ఉన్నదంతా దాదాపుగా ఒకే ఆడ మొక్క సంతానం. మట్టి లారీల్లోనో, వరద నీటిలోనో కొట్టుకుపోయిన ముక్కల నుంచే అది దేశమంతటా విస్తరించింది. అనుభవం లేని చేతితో గునపం వేయిస్తే ఒక పొద స్థానంలో పది పొదలు లేస్తాయి.

దీన్ని ఐరోపాకు తెచ్చుకున్నది ముచ్చటపడే. వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త అయిన ఫిలిప్ ఫ్రాంజ్ వాన్ సీబోల్డ్ దీన్ని జపాన్ నుంచి నెదర్లాండ్స్‌కు చేర్చగా, 1847లో యూట్రెక్ట్‌లోని వ్యవసాయ, ఉద్యాన సంఘం ఆ ఏటి మేటి కొత్త అలంకార మొక్కగా దీనికి బంగారు పతకం ఇచ్చింది. 1850లో లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి చేరిన ఈ మొక్కను బయటి సహజ ప్రదేశాల్లో నాటడం, పెరిగేలా చేయడం నేరమని 1981లో బ్రిటన్ చట్టమే చేయవలసివచ్చింది. సొంత పెరట్లో ఉండడం మాత్రం నేరం కాదు.

పుట్టినచోట ఇది ఇంత ఆగడం చేయదు. ఫ్యూజీ పర్వతం మీద అగ్నిపర్వత రాళ్లపొడిలో మొదట వేళ్లూనుకునే మొక్కల్లో ఇదొకటి. దీని నీడన మట్టి పేరుకున్నాక ఇతర మొక్కలు వస్తాయి. ఆకులు తినే పురుగులు, శిలీంధ్రాలు, పోటీ మొక్కలు అక్కడ దీన్ని అదుపులో ఉంచుతాయి. అవేవీ లేని బ్రిటన్‌లో వసంతం రాగానే రెండు మూడు మీటర్ల ఎత్తుకు లేచి కింద గడ్డిపోచను కూడా బతకనివ్వదు. చలికాలంలో పైభాగం ఎండిపోవడంతో నదుల గట్లు బోసిపోయి వరదకు కోసుకుపోతాయి.

ఇళ్ల పునాదులను చీల్చేస్తుందన్న ప్రచారంలో అతిశయం ఉందని నా అభిప్రాయం. అప్పటికే ఉన్న పగుళ్లలోకి దూరి వాటిని పెద్దవి చేస్తుంది కానీ, గట్టి కాంక్రీటును ఛేదించే శక్తి దీనికి లేదు. ఇంటికి ఏడు మీటర్ల లోపు ఉంటే ప్రమాదమన్న పాత కొలతను అక్కడి సర్వేయర్ల సంఘం 2022లో మూడు మీటర్లకు సవరించింది. అందువల్ల మీ అమ్మాయి వాళ్లు ఇల్లు వదులుకోనక్కరలేదు. అయితే నిర్మూలన ప్రణాళికను, దానికి పూచీపత్రాన్ని అమ్మేవారి నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

కలుపు మందుల్లో ఎక్కువగా వాడుతున్నది గ్లైఫోసేట్. పూత తరువాత, ఆకుల్లో తయారైన ఆహారం కొమ్ముల్లోకి దిగే శరదృతువులో కొడితే మందు కూడా దానితోపాటు కిందికి చేరుతుంది. కొన్నేళ్లపాటు వరుసగా కొట్టాలి, ఆపైనా కనిపెట్టి ఉండాలి. జపాన్ నుంచి తెచ్చిన ఒక రసం పీల్చే పురుగును 2010లో ఇంగ్లండ్‌లో వదిలారు గానీ, ఆశించినంత ఫలితం రాలేదు.

ప్రశ్న: ఈ మొక్క చిగుళ్లు జపాన్‌లో తింటారట, వేళ్ల నుంచి మందు తీస్తారట. వాడుకలోకి తెస్తే కలుపు బెడద దానంతటదే తీరదా? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఉపయోగాలున్న మాట నిజం. జపాన్‌లోని కోచి ప్రాంతంలో లేత కాడలను తొక్క తీసి, పులుపు తగ్గించి వండుకుంటారు. మన చుక్కకూర కూడా ఈ కుటుంబానిదే. రెండింటి పులుపుకూ ఆక్సాలిక్ ఆమ్లమే కారణం కనుక మూత్రపిండాల్లో రాళ్లున్నవారు దూరంగా ఉండాలి. చైనా వైద్యంలో వాడే దీని కొమ్ముల్లో రెస్వెరట్రాల్ అనే రసాయనం ఉంటుంది. ఆరోగ్యానికని బజారులో అమ్మే రెస్వెరట్రాల్ మాత్రల్లో చాలావాటికి ముడిసరుకు ఇదే. వేసవి చివర వచ్చే పూత తేనెటీగలకు మంచి మేత.

వాడకంతో మొక్క తగ్గుతుందన్న ఆశ మాత్రం నాకు లేదు. సర్కారు తుమ్మను మన రాష్ట్రంలో ఎంతకాలంగా బొగ్గుగా కాలుస్తున్నారో చూడండి. నరికిన మోడు మళ్లీ చిగురిస్తూనే ఉంది. పైగా ఒకసారి ఆదాయం మరిగితే ఆ మొక్కను పోగొట్టాలని ఎవరూ కోరుకోరు. నాట్‌వీడ్ విషయంలో ఇంకో చిక్కు ఉంది: కోసి, మూటకట్టి, బండి ఎక్కించే ప్రతి దశలోనూ ముక్కలు రాలుతాయి. మందు కొట్టిన చోటి కాడలు తినడానికి అసలే పనికిరావు.

ప్రశ్న: మా ప్రహరీ మీద గులాబీ రంగు పూల తీగ ఉంది. అది నాట్‌వీడ్ బంధువని ఒకరు భయపెట్టారు. పీకేయాలా? – ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: గుండె ఆకారపు ఆకులు, గుత్తులుగా పూలు ఉంటే అది మెక్సికో నుంచి వచ్చిన కోరల్ వైన్ కావచ్చు. కుటుంబం అదే, నేలలో దుంపలు పెట్టే తీరూ అటువంటిదే. కొన్ని ఉష్ణమండల దీవుల్లో అది చెట్లను కప్పేసి పెద్ద బెడదగా మారింది. అసలు నాట్‌వీడ్ చలిదేశపు మొక్క కాబట్టి మన తీరానికి దాని భయం లేదు. మీ తీగను పీకేయనక్కరలేదు. పూలు వాడగానే గుత్తులు కత్తిరించి కాయలు కట్టనివ్వకండి. ఎప్పుడైనా తీసేయదలిస్తే దుంపల వరకు తవ్వి, ఆ దుంపలను పూర్తిగా ఎండబెట్టాకే పారేయండి. గెడ్డల్లోనో, కంబాలకొండ వైపు ఖాళీ స్థలాల్లోనో మాత్రం పడేయకండి.