ఏడో రోజు కరెంటు పోయింది

ప్రశ్న: మేడమ్, నేను తణుకులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నకి చెరకురసం బండి ఉంది. స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు కోసం ఎండకీ అమ్మకాలకీ మధ్య సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి పెరుగుతాయో, తగ్గుతాయో చెప్పే కొలత, దాని అంకెనే గుణకం అంటారు) కడదామని వారం రోజులు మధ్యాహ్నం పూట ఫోన్లో ఉష్ణోగ్రత చూసి, రాత్రికి ఎన్ని గ్లాసులు పోయాయో నాన్నని అడిగి రాసుకున్నాను. ఉష్ణోగ్రతలు వరసగా 35, 36, 38, 39, 40, 40, 42. గ్లాసులు 70, 85, 95, 110, 115, 125, 40. ఆరు రోజుల వరకు ఎక్సెల్‌లో గుణకం 0.98 వచ్చింది. ఏడో రోజు కలిపేసరికి 0.01 అయిపోయింది! ఆ రోజు మధ్యాహ్నం కాకముందే కరెంటు పోయి రాత్రి దాకా రాలేదు, రోజూ తొమ్మిది గంటలు తిరిగే మిషన్ మూడు గంటలే తిరిగింది. ఆ రోజుని తీసేసి 0.98 రాసెయ్యమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చెయ్యాలో తెలీక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకో అమ్మా, నీ ప్రాజెక్టు పాడవలేదు. ఎక్సెల్ కూడా తప్పు చెప్పలేదు, రెండు అంకెలూ సరైనవే. ఒక్క రోజు వల్ల ఇంత తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే కంప్యూటర్ పక్కన పెట్టి ఒకసారి చేత్తో చేసి చూడాలి, పది నిమిషాల పని.

మొదటి ఆరు రోజులు తీసుకో. ఉష్ణోగ్రతల సగటు 38, గ్లాసుల సగటు 100. ఒక్కో రోజు సగటుకి ఎంత పైన ఉందో, ఎంత కింద ఉందో రాయి. మొదటి రోజు ఎండ సగటుకి 3 తక్కువ, గ్లాసులు 30 తక్కువ. రెండూ మైనస్సే కాబట్టి వాటి లబ్ధం ప్లస్ 90. ఆరో రోజు ఎండ 2 ఎక్కువ, గ్లాసులు 25 ఎక్కువ, లబ్ధం ప్లస్ 50. రెండూ ఒకే వైపు కదిలినప్పుడల్లా ప్లస్ వస్తుంది, ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతే మైనస్ వస్తుంది, మొత్తం సూత్రానికి ప్రాణం ఇదే. ఆరు రోజుల లబ్ధాలు కలిపితే 210. అయితే ఈ 210 అనేది డిగ్రీలూ గ్లాసులూ కలగలిసిన అంకె, దాన్ని చూసి ఎక్కువో తక్కువో చెప్పలేం. అందుకని ఎండ తేడాల వర్గాల మొత్తం 22నీ, గ్లాసుల తేడాల వర్గాల మొత్తం 2,100నీ గుణించి వర్గమూలం తీస్తాం, సుమారు 215 వస్తుంది. 210ని దానితో భాగిస్తే 0.98. ఇప్పుడది ఏ కొలమానానికీ కట్టుబడని అంకె, నువ్వు ఉష్ణోగ్రతని ఫారన్‌హీట్‌లో రాసినా, అమ్మకాల్ని లీటర్లలో రాసినా మారదు. ఎప్పుడైనా సరే మైనస్ 1కీ ప్లస్ 1కీ మధ్యలోనే ఉంటుంది.

ఇక ఏడో రోజు. అది కలిసేసరికి సగటులే మారిపోయాయి, ఎండ సగటు 38.6, గ్లాసుల సగటు 91.4. ఆ రోజు ఎండ సగటుకి 3.4 పైన, గ్లాసులు 51.4 కింద. దశాంశాలు వదలకుండా లెక్కేస్తే ఆ ఒక్క రోజు లబ్ధం మైనస్ 176. మిగతా ఆరు రోజులూ కలిసి తెచ్చింది ప్లస్ 180 చిల్లర. అన్నీ పోను మిగిలింది నాలుగు చిల్లర, అందుకే 0.01. గ్రాఫ్ మీద ఒక్కో రోజుని ఒక్కో చుక్కగా పెడితే, ఆరు రోజుల కష్టాన్ని ఒక్క చుక్క తుడిచిపెట్టేసిందన్నమాట. సగటుకి దూరంగా పోయిన చుక్క దూరంతో పాటు బలం కూడా పెంచుకుంటుంది, ఇంతదాకా కట్టిన ఈ గుణకాన్ని పియర్సన్ గుణకం అంటారు, దానికి ఉన్న పెద్ద బలహీనత ఇదే.

దీనికి మీ పుస్తకంలోనే మందు ఉందనుకుంటావు, కోటి సహసంబంధం అని (ఇక్కడ కోటి అంటే ర్యాంకు). స్పియర్‌మన్ 1904లో చెప్పిన పద్ధతి, అంకెల్ని వదిలేసి వాటి ర్యాంకులతో లెక్కకట్టడం. దూరంగా పోయిన చుక్క ఎంత దూరం పోయినా దానికి ఒక ర్యాంకే దక్కుతుంది కాబట్టి మామూలుగా ఇది బాగా పనిచేస్తుంది. కానీ నీ ఏడు రోజులకి చేసి చూశాను, సుమారు 0.23 వచ్చింది. ఎండలో మొదటి ర్యాంకు రోజు అమ్మకాల్లో ఆఖరి ర్యాంకు, ఉన్నదే ఏడు రోజులు, మరి పాపం ర్యాంకులు మాత్రం ఏం చేస్తాయి?

నీకు కావలసిన సమాధానం సూత్రంలో లేదు, నీ ఉత్తరంలోనే ఉంది: మిషన్ మూడు గంటలే తిరిగింది. నువ్వు కొలవాలనుకున్నది జనం దాహం. కొలిచిందేమో మిషన్ ఇవ్వగలిగిన గ్లాసులు. ఆరు రోజులు ఆ రెండూ ఒకటే అయ్యాయి, ఏడో రోజు వేరైపోయాయి. కాబట్టి గ్లాసుల్ని మిషన్ తిరిగిన గంటలతో భాగించు. మొదటి రోజు గంటకి 7.8, ఆరో రోజు 13.9, ఏడో రోజు 40ని మూడుతో భాగిస్తే 13.3. ఇలా గంటకి అమ్మకం తీసుకుని ఏడు రోజులకీ గుణకం కడితే 0.94 వస్తుంది. ఒక్క రోజుని కూడా పారేయనవసరం లేదు చూడు! ఒక్క జాగ్రత్త మాత్రం రాయి. ఆ మూడు గంటలూ పొద్దుటి పూటవి, పొద్దుటి బేరం మధ్యాహ్నం బేరం ఒకేలా ఉండవు, అందుకని 13.3ని కచ్చితమైన అంకె అనుకోకూడదు.

ఫ్రెండ్స్ చెప్పినట్టు చెప్పాపెట్టకుండా తీసేయడం మాత్రం వద్దు. అది నాకు అస్సలు ఇష్టం లేని పని, పాఠాలు చెప్పిన రోజుల్లో దాని కోసమే మార్కులు కోసేదాన్ని. 0.98, 0.01, 0.94 మూడు అంకెలూ రాయి, ఏడో రోజు ఏం జరిగిందో రాయి. దిద్దేవాళ్లకి నీ 0.98 కంటే ఆ కరెంటు సంగతే విలువైనది.

ఇంకో రెండు మాటలు. ఆరు జతలతో 0.98 వచ్చిందని సంబరపడిపోకు. ఆరే జతలున్నప్పుడు గుణకం కనీసం 0.811 దాటితేనే 5 శాతం స్థాయిలో (అంటే అసలు సంబంధమే లేకపోతే అంత గుణకం అదృష్టం కొద్దీ వచ్చే అవకాశం నూటికి ఐదు కన్నా తక్కువ) లెక్కలోకి తీసుకుంటారు, నీది దాటింది, సరే. కానీ ఫిషర్ అనే బ్రిటిష్ స్టాటిస్టీషియన్ పద్ధతిలో చూస్తే అసలు విలువ 0.80 దగ్గర నుంచి దాదాపు 1 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. (మన సి.ఆర్.రావు గారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినాయన, 1948లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ తీసుకున్నది ఈ ఫిషర్ దగ్గరే. తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.) రెండోది, గుణకం కట్టేముందు గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టు, ఎండ అడ్డంగా, గ్లాసులు నిలువుగా. 1973లో ఆన్‌స్కోంబ్ అనే ఆయన పదకొండేసి జతల దత్తాంశాలు నాలుగు తయారుచేశాడు, నాలుగింటికీ గుణకం 0.816, సగటులూ ఒకటే. గీసి చూస్తే మొదటిది మామూలు చుక్కల గుంపు, రెండోది వంపు తిరిగిన గీత, మూడోది చక్కటి సరళరేఖకి దూరంగా ఒక చుక్క, నాలుగోది నిలువుగా పేర్చిన చుక్కలకి అవతల ఒంటరి చుక్క. అంకె ఒకటే, కథలు నాలుగు. నీ ఏడో చుక్క కూడా గీసిన మరుక్షణం కళ్లకి కొట్టేది.

ప్రశ్న: మా ఆఫీసులో ఒకాయన పదిహేనేళ్ల లెక్కలు తెచ్చి, మొబైల్ కనెక్షన్లకీ షుగర్ రోగుల సంఖ్యకీ సహసంబంధం 0.9 దాటిందని, ఫోన్ల వల్లే షుగర్ వస్తోందని వాదిస్తున్నారు. గుణకం అంత ఎక్కువుంటే నిజమే అయ్యుంటుందా అండీ?

జవాబు: పదిహేనేళ్లుగా పెరుగుతూ వచ్చినవి ఏ రెండు తీసుకున్నా గుణకం 0.9 దగ్గరికి సులువుగా వచ్చేస్తుందండీ. ఫ్లైఓవర్లూ కళ్లద్దాలూ తీసుకోండి, వచ్చేస్తుంది. రెండూ కాలంతో పాటు పెరుగుతున్నాయి, మనం కొలుస్తున్నది ఆ కాలాన్నే. ఉడ్నీ యూల్ అనే బ్రిటిష్ స్టాటిస్టీషియన్ 1926లోనే దీని మీద రాశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1866 నుంచి 1911 దాకా చర్చిలో జరిగిన పెళ్లిళ్ల వాటానీ, మరణాల రేటునీ పక్కపక్కన పెడితే గుణకం 0.95 వచ్చింది. చర్చి పెళ్లిళ్లు తగ్గాయి, మరణాలూ తగ్గాయి. చర్చిలో పెళ్లి చేసుకున్నందుకు జనం చచ్చిపోయారని ఎవరైనా అంటారా?

మీ ఆఫీసాయన లెక్కని పరీక్షించడానికి తేలికైన దారి ఉంది. అసలు సంఖ్యలు కాకుండా ఏటికేడు ఎంత పెరిగిందో ఆ తేడాలు రాసి వాటి మధ్య గుణకం కట్టమనండి. ఫోన్లు బాగా పెరిగిన ఏడాదే షుగర్ కేసులు కూడా ఎక్కువ పెరిగాయా? చాలాసార్లు ఆ 0.9 అక్కడే కరిగిపోతుంది. కరగకపోయినా సరే, ఫోన్లే కారణం అనడానికి అది చాలదు. పట్నవాసం, కూర్చుని చేసే పని, తిండి మారడం, పరీక్షలు ఎక్కువ మంది చేయించుకోవడం, ఇవన్నీ మధ్యలో ఉన్నాయి కదా. పైన తణుకు అమ్మాయి కూడా ఇది గమనించాలి: ఆ వారం ఎండ కూడా దాదాపు రోజురోజుకీ పెరుగుతూనే పోయింది, ఆ రోజుల్లోనే పెళ్లిళ్లో పరీక్షల సెలవులో మొదలై జనం పెరిగారేమో, వారం లెక్కతో విడదీయలేం. ఎండ తగ్గిన రోజులు కూడా కలిసేలా నెలన్నర రాయి అమ్మా.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. టీవీలో ఎల్‌నినో అనగానే మా ఊళ్లో విత్తనాలు కొనడానికే భయపడుతున్నారు. ఎల్‌నినో వస్తే వానలు పడవని లెక్కల్లో తేలిందా?

జవాబు: సహసంబంధం అనేది మన దేశంలో ఎవరి కడుపు కోసం పుట్టిందో చెప్పే ప్రశ్న అడిగారు. 1899-1900 కరవులో లక్షల మంది పోయారు. ఆ తర్వాత 1904లో గిల్బర్ట్ వాకర్ అనే కేంబ్రిడ్జి గణితవేత్త మన వాతావరణ శాఖ అధిపతిగా వచ్చారు. వాన ఎందుకు తప్పుతుందో చెప్పే సిద్ధాంతం అప్పటికి లేదు, అందుకని ఆయన ప్రపంచం నలుమూలల నుంచి గాలి పీడనాలు, ఉష్ణోగ్రతలు, వానలు తెప్పించి, గుమస్తాల చేత జతలు జతలుగా సహసంబంధాలు కట్టించారు, కాల్క్యులేటర్ లేని రోజుల్లో, అన్నీ కాగితం మీదే. ఆ లెక్కల్లోంచే పసిఫిక్ మహాసముద్రం తూర్పున పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందనే ఊగిసలాట బయటపడింది. దానికి 1924లో సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టారు. ఎల్‌నినో, అంటే పసిఫిక్ తూర్పు, మధ్య భాగాల్లో సముద్రం మామూలు కంటే వేడెక్కడం, దాని జంట అని తేలడానికి మరిన్ని దశాబ్దాలు పట్టింది.

ఎల్‌నినో ఏడాది మన నైరుతి వానలు తగ్గే ధోరణి ఉన్న మాట నిజం, అంటే సహసంబంధం రుణాత్మకం. కానీ అది మైనస్ 1 కాదు. 1997లో చాలా తీవ్రమైన ఎల్‌నినో వచ్చింది, ఆ ఏడాది దేశంలో వాన సగటుకి 102 శాతం. 2002లో అంతకన్నా బలహీనమైనదే వచ్చింది, వాన 81 శాతానికి పడిపోయి కరవొచ్చింది. గుణకం మైనస్ 0.6 ఉందనుకున్నా దాని వర్గం 0.36, అంటే వానల హెచ్చుతగ్గుల్లో మూడోవంతు చిల్లర మాత్రమే దానితో ముడిపడి ఉంటుంది, మిగతాది వేరే లెక్క. అదీ దేశం మొత్తం సగటు సంగతి, మీ మండలం సంగతి కాదు. కాబట్టి విత్తనం మానేయకండి. తక్కువ నీటితో, తక్కువ రోజుల్లో వచ్చే రకం కొంత పొలంలో వేయడం, ఒక్క వానకే తొందరపడి మొత్తం విత్తేయకపోవడం, ఇంతవరకు ఆ వార్త పనికొస్తుంది.

వాకర్ గురించి ఇంకొక్కటి. వందల జతలు కడుతూ పోతే అందులో ఒకటో రెండో కేవలం అదృష్టం కొద్దీ పెద్ద గుణకాలు వస్తాయని, అలా ఏరుకున్న దాన్ని నమ్మాలంటే కొలబద్ద ఇంకా కఠినంగా ఉండాలని ఆయనే 1914లో రాశారు. ఇప్పుడు కంప్యూటర్లో లక్ష జతలు ఒక్క నిమిషంలో కట్టే పిల్లలు ఇది గోడ మీద రాసిపెట్టుకోవాలి.

ప్రశ్న: గుణకం సున్నా వస్తే రెండింటికీ సంబంధం లేనట్టే కదా?

జవాబు: కాదు. సరళరేఖలాంటి సంబంధం లేదని మాత్రమే. ఒక వరసలో మైనస్ 2, మైనస్ 1, 0, 1, 2 రాసి, పక్కన వాటి వర్గాలు 4, 1, 0, 1, 4 రాయండి. రెండోది పూర్తిగా మొదటిదాని మీదే ఆధారపడింది, గుణకం మాత్రం కచ్చితంగా సున్నా. పొలంలోనూ ఇది చూస్తాం: వరికి యూరియా కొంతవరకు వేస్తే దిగుబడి పెరుగుతుంది, మోతాదు మించితే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, తెగుళ్లు పట్టి గింజ తగ్గుతుంది. తక్కువ వేసిన మడులూ ఎక్కువ వేసిన మడులూ కలిపి గుణకం కడితే సున్నా దగ్గరికి రావచ్చు. అది చూసి యూరియాకీ దిగుబడికీ సంబంధం లేదని మీ ఇంట్లో రైతుకి చెప్పి చూడండి, ఆయన మిమ్మల్ని గట్టు మీదికి తీసుకెళ్లి పడిపోయిన మడి చూపిస్తారు.