డీసీలో ఉన్నవాళ్లకి ఓటేసే ఎంపీ ఎందుకు లేడు?

"మా అక్కవాళ్లు మేరీల్యాండ్ నుంచి వాషింగ్టన్ డీసీకి మారారు. అక్కడున్నవాళ్లకి పార్లమెంటులో ఓటేసే ఎంపీ లేడంటున్నారు. అమెరికా రాజధానిలో ఉండి ఇదేం అన్యాయం? మన ఢిల్లీ కూడా ఇంతేనా?" అని అడిగారు కదా. డీసీ సంగతి నిజమే. ఢిల్లీ అలా కాదు.

నేను విజయనగరంలో రిటైరైన సోషల్ మాస్టారిని. ముప్పై ఏళ్లు పౌరశాస్త్రం చెప్పినా ఈ సంగతి నాకూ తెలీదు. 2024లో అమ్మాయి పురిటికని నేనూ మా ఆవిడా వెళ్లి ఆరు నెలలు అక్కడున్నాం (ఆ ఏడు మా ఊరి సిరిమాను జాతర చూడలేకపోయానని ఇప్పటికీ బాధే). వాళ్ల అపార్ట్‌మెంట్ ఫ్రెండ్‌షిప్ హైట్స్ అనే చోట. అక్కడ వెస్టర్న్ అవెన్యూ అని రోడ్డుంది. ఇవతల డీసీ, అవతల మేరీల్యాండ్. మన గంటస్తంభం దగ్గర రోడ్డు దాటినట్టే దాటేసి కూరలు తెచ్చుకునేవాళ్లం. గేటు లేదు, చెక్‌పోస్టు లేదు. అవతలి ఫుట్‌పాత్ వైపు ఇల్లున్నవాడికి ఇద్దరు సెనేటర్లు (అంటే పై సభ సభ్యులు), కింది సభైన ప్రతినిధుల సభలో ఒక సభ్యుడు. ఇవతలివాడికి ఓటేసేవాడు ఒక్కడూ లేడు. ఇల్లు మారడంతో మీ అక్కవాళ్లు పోగొట్టుకున్నది అదే.

నాకు ఇది ముందు తెలిసింది డీసీ కార్ల నంబర్ ప్లేట్ల వల్ల. అంకెల కింద "ప్రాతినిధ్యం లేకుండా పన్నులు" అనే అర్థం వచ్చే మాట ఇంగ్లిష్‌లో ఉంటుంది. బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడ్డప్పటి నినాదం అది. 2000 నుంచి ప్లేట్ల మీద వేస్తున్నారు. ఇదేంటని పక్క ఫ్లాట్ పెద్దాయన్ని అడిగాను. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. "నా ఆదాయప్పన్ను మాత్రం పూర్తిగా తీసుకుంటారు, అందులో ఏ లోటూ చేయరు" అన్నాడు.

కారణం పాతది. 1783లో జీతాలందని సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ సమావేశమయ్యే భవనాన్ని చుట్టుముట్టారు. (కాంగ్రెస్ అంటే మన పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు.) పెన్సిల్వేనియా ప్రభుత్వం కాపాడ్డానికి బలగాలను పంపలేదు. అందుకే రాజధాని ఏ రాష్ట్రం దయ మీదా ఉండకూడదనుకుని, పది మైళ్ల చదరానికి మించని జాగా విడిగా ఉండాలని రాజ్యాంగంలో రాసుకున్నారు. మేరీల్యాండ్, వర్జీనియా భూమి ఇచ్చాయి. 1801 చట్టంతో ఆ జాగా నేరుగా కాంగ్రెస్ చేతికెళ్లింది, అక్కడి జనం తమ రాష్ట్రాల్లో వేసే ఓటు పోయింది. వర్జీనియా తన ముక్కని 1846లో వెనక్కి తీసుకుంది కాబట్టి అలెగ్జాండ్రియావాళ్లు ఇప్పుడు హాయిగా ఓటేస్తున్నారు.

మొత్తం మెలిక 'రాష్ట్రం' అనే మాట దగ్గరుంది. వాళ్ల రాజ్యాంగంలో ప్రతినిధులను ఎన్నుకునేది రాష్ట్రాల ప్రజలు, సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు. డీసీ రాష్ట్రం కాదు, అంతే. జనం తక్కువని కాదు. 2020 లెక్కల్లో డీసీలో 6.89 లక్షల మంది ఉంటే వయోమింగ్ రాష్ట్రంలో 5.77 లక్షలే. ఆ వయోమింగ్‌కి మాత్రం ఇద్దరు సెనేటర్లు.

మన రాజ్యాంగం కేంద్రపాలిత ప్రాంతాలకీ లోక్‌సభలో చోటు పెట్టింది. అందుకే ఢిల్లీకి 7 లోక్‌సభ సీట్లు, 3 రాజ్యసభ సీట్లు. 1991 సవరణతో ఢిల్లీకి 70 మంది ఎమ్మెల్యేల సభ కూడా వచ్చింది, కానీ పోలీసు, శాంతిభద్రతలు, భూమి కేంద్రం దగ్గరే ఉండిపోయాయి. డీసీకి 1973 చట్టంతో మేయరూ 13 మంది కౌన్సిలూ ఉన్నారుగానీ, వాళ్లు చేసిన చట్టాన్ని కాంగ్రెస్ కొట్టేయొచ్చు. 2023లో క్రిమినల్ కోడ్ మార్చబోతే కొట్టేసింది కూడా, అప్పటి అధ్యక్షుడు బైడెన్ సంతకం పెట్టాడు. సొంత ఊరి చట్టాన్ని రద్దు చేసే ఓటింగులో ఆ ఊరివాడికి ఓటు లేకపోవడం, నన్నడిగితే, సెనేట్ సీటు లేకపోవడం కన్నా పెద్ద అవమానం.

ఆ పెద్దాయనకి నేను మన కొఠియా సంగతి చెప్పాను. సాలూరు కొండల మీద ఆంధ్రా, ఒడిశా రెండూ మావే అంటున్న ఊళ్లు. 1968లోనే ఒడిశా సుప్రీంకోర్టుకెళ్లింది, తగువు ఇంకా తెగలేదు. అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. సాలూరు మా జిల్లాలో ఉండగా, 2014లో నాకు కొండ కింద ఒక బూత్‌లో డ్యూటీ పడింది. ఒడిశా వైపు కొరాపుట్‌లో ఏప్రిల్ 10న పోలింగ్ అయింది, మనకి మే 7న. సిరా పెట్టేది నేనే. ఒక ముసలమ్మ ఎడమచెయ్యి చాపితే చూపుడువేలి గోరు మీద సగం అరిగిన నల్లగీత. ఇదేంటమ్మా అంటే, "అది ఒరిస్సా ఓటు బాబూ, ఇది ఆంధ్రా ఓటు" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. మాకు ఒకటే టెన్షన్. పై ఆఫీసరుకి కబురు పెడితే లిస్టులో పేరుంది కదా కానివ్వమన్నారు. రూలు ప్రకారం అది తప్పే. ఇదంతా విని పెద్దాయన పడీపడీ నవ్వి, "అక్కడ ఇల్లు అద్దెకి దొరుకుతుందా?" అన్నాడు.

మార్చే ప్రయత్నాలు జరగలేదని కాదు. డీసీకి కాంగ్రెస్‌లో పూర్తి సభ్యులనిచ్చే సవరణ 1978లో కాంగ్రెస్ దాటింది, 38 రాష్ట్రాలు ఒప్పుకోవాల్సి ఉంటే 16 మాత్రమే ఒప్పుకున్నాయి. డీసీని రాష్ట్రం చేసే బిల్లు 2020లోనూ 2021లోనూ కింది సభలో గెలిచి సెనేట్‌లో ఆగిపోయింది. డీసీలో పదింట తొమ్మిది ఓట్లు డెమోక్రాట్లవి. ఇద్దరు కొత్త సెనేటర్లని చేతులారా వాళ్లకి అప్పగించడానికి రిపబ్లికన్లకేం పట్టింది?

మీ అక్క సిటిజన్ అయితే అధ్యక్షుడికి ఓటేయొచ్చు, 1961 సవరణతో డీసీకి మూడు ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు) వచ్చాయి. మేయర్‌కీ కౌన్సిల్‌కీ వేయొచ్చు. ప్రతినిధుల సభకి డెలిగేట్‌నీ ఎన్నుకోవచ్చు, ఆ సభ్యుడు కమిటీల్లో ఓటేస్తాడు, సభలో మాట్లాడతాడు, బిల్లు మీద ఆఖరి ఓటింగులో మాత్రం లెక్కలోకి రాడు. ఇంకా సిటిజన్ కాకపోతే జాగ్రత్త. 2024 నుంచి డీసీ స్థానిక ఎన్నికల్లో సిటిజన్లు కానివాళ్లనీ ఓటేయనిచ్చారు. మా అమ్మాయికి ఆ అవకాశం ఉన్నా, రేపు వీసాకో గ్రీన్‌కార్డుకో అడ్డొస్తుందేమోనని భయపడి పేరు రాయించుకోలేదు. లాయర్ని అడగకుండా ఏ ఫారమూ నింపొద్దని మీ అక్కకి చెప్పండి.

బ్యాలెట్‌లో 'షాడో సెనేటర్' అని ఒక పదవి కనిపిస్తుంది. రాష్ట్ర హోదా కోసం తిరిగి అడగడమే ఆ మనిషి పని, సెనేట్‌లో కుర్చీ ఉండదు. 2024లో దానికి గెలిచింది మన భారతీయ మూలాలున్న అంకిత్ జైన్. పెద్దాయన పోస్టులో వచ్చిన తన బ్యాలెట్ నాకు చూపిస్తూ, ఆ గడిని కూడా నల్ల పెన్నుతో అంచులు దాటకుండా నిండుగా దిద్దాడు. తర్వాత కవరు అంటించి, మోకాళ్ల నొప్పులతోనే నడుచుకుంటూ వెళ్లి డబ్బాలో వేసొచ్చాడు.