ముందు చెట్టున్న ఇంటికి వెళ్లు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి అమెరికా నుంచి తేలుకుంచి కొంగల కోసం డబ్బు పంపుతామన్నావు. సంతోషం. ఫోన్లో చెబితే ‘సరే మావయ్యా’ అని వదిలేస్తావు, అందుకే రాస్తున్నాను.

ఇచ్ఛాపురం దగ్గరున్న ఆ ఊరికి నత్తగుల్ల కొంగలు జూన్‌లో వస్తాయి. అవి వస్తే వాన వెనకాలే వస్తుందని ఊరి నమ్మకం. గూళ్లు పెట్టేది అడవిలో కాదు, ఇళ్ల మధ్య పెరటి చెట్ల మీద. నవంబరు దాకా రెట్ట కంపు, దండెం మీద బట్ట ఆరేసుకునే వీలుండదు. అయినా ఎవరూ రాయి విసరరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి చెట్లు కూలి, గూళ్లతో పాటు పక్షులూ పోయాయి. గూడు మోసే చెట్టు మళ్లీ ఎదగాలంటే ఎన్నేళ్లు పడుతుందో నువ్వే చెప్పు. అంచేత మీ డబ్బు మొదట చేరాల్సింది చెట్టున్న ఇంటికి.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. చాలా ఏళ్ల కిందట వేరే ఊళ్లో పక్షుల కోసమని చందాలు పోగేసి ఒక సంస్థ చేతిలో పెట్టాం. వాళ్లు సిమెంటు ఆర్చి కట్టి మా పేర్లు చెక్కించారు. ఫొటోలు దిగాం. రెండేళ్లకి, ఎక్కువ గూళ్లున్న చింతచెట్టుని ఆ ఇంటావిడ కూతురి పెళ్లి ఖర్చుకి అమ్మేసింది. వెళ్లి నిలదీస్తే, ‘అప్పుడు నన్నేమైనా అడిగారా బాబూ?’ అంది. ఆర్చి మాత్రం ఇంకా ఉంది.

కర్ణాటకలో కొక్కరె బెళ్లూరు అని ఇలాంటి ఊరే ఉంది, మద్దూరు దగ్గర. గూళ్లున్న చింతచెట్టు కాయ కోయకుండా వదిలేసినందుకు అక్కడి అటవీశాఖ ఆసామికి పరిహారం ఇస్తుంది. గూళ్లలోంచి కింద పడిన పక్షి పిల్లల్ని ఊరివాళ్లే సాకారు. అలాంటి పనికి డబ్బివ్వండి: చెట్టుకి ఏటా ఇంత, పిల్లల్ని చూసే కుర్రాడికి ఆ ఆర్నెల్లూ జీతం, కొత్త మొక్కలకి కంచె. మొదటి ఏడే పెద్ద మొత్తం పంపొద్దు, ఊళ్లో తగువులు పెట్టినట్టవుతుంది. తక్కువైనా సరే, పదేళ్లు ఆపకుండా పంపండి.

ఇక టెన్షన్ పెట్టే సంగతి. నీది ఇంకా మన పాస్‌పోర్టే కాబట్టి, నీ సొంత జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న నీ స్నేహితులది మాత్రం విదేశీ విరాళమే. అది విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఆ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తరవాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. కాబట్టి పట్నంలో పెద్ద సంస్థకి పంపితే వాళ్లే ఊరి యువజన సంఘానికి పంచుతారులే అనుకోకు. రెండు రకాల డబ్బూ ఒక్క సంచిలో కలపకు. ఆడిటర్‌ని అడిగాకే మొదటి రూపాయి పంపు.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి. చాలాచోట్ల కాగితం మీదే ఉంటుంది. వాళ్లని కూర్చోబెట్టి, ఖర్చు లెక్క పంచాయతీ గోడ మీద రాయించమను. వాట్సాప్‌లో హుకుంలు జారీ చెయ్యకు, వాళ్లకి నువ్వు జీతమిచ్చే యజమానివి కావు.

దసరాకి వస్తున్నావుగా, ఇద్దరం వెళ్దాం. మొదటి రోజు కెమెరా బయటికి తియ్యొద్దు, అరుగుల మీద కూర్చుని ఆడవాళ్లు చెప్పేది విందాం. గొడుగు తెచ్చుకో. వానకి కాదు.

మీ మావయ్య