కరోనాలో మొదటి కాన్పు, తర్వాత డిప్రెషన్. రెండో కాన్పు ముందు డాక్టరుకు చెప్పాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ అక్కకు 2021లో సెకండ్ వేవ్ నడుస్తుండగా చిత్తూరులో మొదటి కాన్పు అయింది. తర్వాత నెలల తరబడి ఏడుపు, ఎవరితోనూ మాటల్లేవు. వైద్యం చేయించలేదు, మెల్లగా తనే తేరుకుంది. ఇప్పుడు పలమనేరులో ఉంది, మళ్ళీ ఐదో నెల. నిద్ర పట్టడం లేదు, ఆసుపత్రి మాటెత్తితే చేతులు వణుకుతున్నాయి. పెద్దవాళ్ళు పాత సంగతులు తవ్వొద్దంటున్నారు. డాక్టరుకు చెప్పాలా వద్దా అని మీ ప్రశ్న.

చెప్పాలి. ఈ నెల చెకప్‌లోనే చెప్పాలి. ఒక కాన్పులో డిప్రెషన్ వచ్చినవాళ్ళకు తర్వాతి కాన్పులోనూ వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువ. అది పురుడయ్యాకే రావాలని కూడా లేదు, చాలామందికి కడుపుతో ఉన్నప్పుడే మొదలవుతుంది. మీ అక్కకు ఇప్పటికే మొదలైందేమో అనిపిస్తోంది నాకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఆ దారిలో నడిచిన మనిషినే. మాది తిరుపతి. మా ఆయన కొండకు ట్యాక్సీ తోలేవాడు. 2020 మార్చి 20న దర్శనాలు ఆపేశారు, బండి ఇంటి ముందర నిలబడిపోయింది. జూన్‌లో దర్శనాలు మళ్ళీ మొదలైనా జనం కొద్దిమందే. జులైలో టౌన్లో మళ్ళీ లాక్‌డౌన్ పెట్టారు. నాకు నొప్పులొచ్చింది సరిగ్గా అప్పుడే. అడ్మిట్ చేసుకునే ముందు టెస్టు చేస్తే పాజిటివ్. మా అమ్మది కుప్పం, షుగర్ ఉంది, రావద్దని మేమే చెప్పాల్సి వచ్చింది.

లేబర్ రూములో అందరూ పీపీఈ కిట్లలోనే. డాక్టరెవరో నర్సెవరో తెలియాలంటే వీపు మీద మార్కర్ పెన్నుతో రాసుకున్న పేరు చదవాల్సిందే. నొప్పుల్లో నా చేయి వదలకుండా పట్టుకున్న నర్సమ్మ ముఖం ఇప్పటికీ నాకు తెలియదు. బిడ్డ పుట్టగానే వేరే గదికి తీసుకెళ్ళిపోయారు. నాకు నెగటివ్ వచ్చేదాకా ఫోన్లో ఫొటోలే. పాలు పడ్డాయి, తాగే బిడ్డ పక్కన లేదు, రొమ్ములు గట్టిపడి జ్వరం వచ్చింది. తల్లికి కరోనా ఉన్నా మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వొచ్చు, బిడ్డను పక్కనే ఉంచుకోవచ్చు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికే చెప్పింది. ఆ మాట అన్నిచోట్లా అమలు కాలేదు. మీ అక్క భయం కూడా ఇలాంటిదే అయితే, ఈసారి బిడ్డ పక్కనే ఉంటుందా, తోడుగా ఎవరిని రానిస్తారు అని ఆసుపత్రిలో ముందే అడిగి ఆమె చెవిన వేయండి. తెలియనితనం వల్ల వచ్చే భయం చాలావరకు అక్కడే తగ్గుతుంది.

ఇంటికొచ్చాక నా పరిస్థితి ఇంకా దిగజారింది. పురుడంటే మన వైపు ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని. ఒకరు బాలింతకు నీళ్ళు పోస్తారు, ఒకరు బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం చేయిస్తారు, ఇంకొకరు పథ్యం వండుతారు. బాలింత చేయాల్సింది పాలివ్వడం, నిద్రపోవడం. కరోనా ఆ మనుషులందరినీ మాకు దూరం చేసేసింది. బిడ్డకు నీళ్ళు పోసే ఆమె ఇల్లు మా వీధి చివరే, పాజిటివ్ ఇల్లని రాలేదు. ఆమెకూ ఇంట్లో పిల్లలున్నారు, నేను తప్పుపట్టను.

రాత్రి బిడ్డ నిద్రపోయినా నాకు కన్ను మూతపడేది కాదు. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని, సరిగా తెలియలేదనిపించి మళ్ళీ పెట్టేదాన్ని. కొన్నాళ్ళకు ఏడుపు కూడా ఆగిపోయింది. బిడ్డ నవ్వినా లోపల ఏమీ కదిలేది కాదు, నాకు అన్నిటికన్నా ఘోరంగా తోచింది అదే. అమ్మ వీడియో కాల్‌లో 'బాలింత ఏడవకూడదమ్మా, ధైర్యంగా ఉండు' అనేది. ప్రేమతోనే అనేది. కానీ ధైర్యం చెప్పినంత మాత్రాన ఈ జబ్బు తగ్గదు. కాన్పయిన మొదటి వారంలో ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడడం చాలామందికి ఉండేదే, రెండు వారాల్లోపు పోతుంది. అంతకు మించి నిలిచిందంటే డాక్టరుకు చూపించాల్సిందే.

మా ఆయన ఒక సైకియాట్రిస్టు నంబరు సంపాదించి వీడియో కాల్ పెట్టించాడు. 2020 మార్చిలోనే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి ఆ డాక్టరమ్మ అలాగే చూసి మందు రాయగలిగింది. ముందు పది ప్రశ్నలు అడిగింది. ఎడిన్‌బరో స్కేల్ అంటారు, గడిచిన 7 రోజుల్లో మనసు ఎలా ఉందో అడుగుతుంది. చివరి ప్రశ్న, ప్రాణం తీసుకోవాలనిపించిందా అని. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ళ భయం. నాకు మాత్రం ఆ ప్రశ్న విన్నాకే గొంతు పెగిలింది. మీరు కూడా మీ అక్కను నేరుగా అడగండి.

ఆ డాక్టరమ్మ హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించమంది, ఎందుకంటే రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా ఇలాగే ఉంటుందట. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మాత్ర రాసింది. రాత్రి ఒక విడత పిండిన పాలు మా ఆయన పట్టాలని, నన్ను వరుసగా అయిదు గంటలు నిద్రపోనివ్వాలని గట్టిగా చెప్పింది. మాత్ర గుణం కనపడడానికి వారాలు పట్టింది, నిద్ర మాత్రం ముందే ఆదుకుంది. అందుకే చెబుతున్నాను, ఈసారి సారె, సీమంతం మాటలకన్నా ముందు, రాత్రిపూట బిడ్డను ఎవరు చూసుకోవాలో మీ బావతో, మీ అమ్మతో ఇప్పుడే మాట్లాడి ఖాయం చేసుకోండి. మందులు కడుపుతో ఉన్నప్పుడు వాడొచ్చా అన్నది డాక్టరు తేల్చాల్సిన విషయం. షాపులో అడిగి కొనొద్దు, ఇప్పటికే ఏదైనా వాడుతుంటే ఉన్నట్టుండి మానొద్దు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. కాన్పయ్యాక, ముఖ్యంగా మొదటి రెండు వారాల్లో, అసలు నిద్రపోకుండా హుషారుగా తిరుగుతున్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడుతోందన్నా, ఈ బిడ్డ నా బిడ్డ కాదన్నా అది వేరే జబ్బు. వెయ్యి మందిలో ఒకరిద్దరికి వస్తుంది. గాలి సోకిందని తాయెత్తు కడతామంటే కట్టనివ్వండి, కానీ అదే రోజు ఆసుపత్రిలో చేర్చండి, బిడ్డతో తల్లిని ఒంటరిగా ఉంచకండి.

తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పలమనేరు నుంచి దూరమనిపిస్తే ముందు 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చెకప్‌కి మీరే వెంట వెళ్ళండి. లోపలికి వెళ్ళాక మీ అక్క నోరు తెరవలేకపోతే, మొదటి కాన్పు తర్వాత ఏం జరిగిందో డాక్టరమ్మకు మీరే చెప్పండి.