టెక్ సందేహాలు: రసీదు వచ్చింది, సరుకు చేరిందా?

ప్రశ్న: రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలతలు చూసి, తగ్గినచోట రైతుకు ఎస్సెమ్మెస్ పంపే ప్రోగ్రామ్ పైథాన్‌లో రాశాను. ఒక్కో చెరువు లెక్క తేల్చి ఎస్సెమ్మెస్ పంపేది అమెజాన్ లాంబ్డా (అమెజాన్ కంప్యూటర్ల మీద మన కోడ్ నడిపే సేవ)లో పెట్టిన ఫంక్షన్, దానికి 20 సెకన్లు పడుతుంది. 140 చెరువులకు వరుసగా పిలిచేసరికి ముప్పావు గంట దాటుతోంది. నా కోడ్‌లో ఫంక్షన్ ముందు ‘అసింక్’ అని చేర్చినా తేడా లేదు. పొరపాటు ఎక్కడ? – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: 140 చెరువులకు 20 సెకన్ల చొప్పున 2,800 సెకన్లు, అంటే దాదాపు 47 నిమిషాలు. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కనుక, 4 గంటలకు మొదలైన లెక్కలో చివరి చెరువు రైతుకు కబురు అందేసరికి పావు తక్కువ 5 అవుతుంది. ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేసేలోపే అక్కడ రొయ్య తేలడం మొదలై ఉండవచ్చు. కాబట్టి మీ తొందర న్యాయమైనదే.

చిక్కంతా ‘అసింక్రోనస్’ (క్లుప్తంగా ‘అసింక్’: ఒక పని ముగిసేదాకా ఆగకుండా సాగడం) అనే ఒక్క మాటను రెండు వేర్వేరు పనులకు వాడటంలో ఉంది. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి సరుకు పంపాలనుకోండి. సరుకుతో పాటు మీరే పంటు ఎక్కి, అవతల దింపించి, సంతకం చేయించుకుని తిరిగి రావడం ఒక పద్ధతి. మీ ప్రోగ్రామ్ ఇప్పుడు 140 సార్లు చేస్తున్నది అదే. మీకు బదులు పదిమంది కుర్రాళ్లను పది మూటలతో ఒకేసారి పంపితే పని త్వరగా అవుతుంది, సంతకాలూ చేతికి వస్తాయి. అదీ కాకపోతే, రేవులోనే సరుకు అప్పగించి, రసీదు జేబులో వేసుకుని ఇంటికి వచ్చేయవచ్చు. కుర్రాళ్లను పంపడం మీ ప్రోగ్రామ్‌లో జరిగే అసింక్, రసీదు తీసుకుని రావడం లాంబ్డా వైపు జరిగే అసింక్. మీరు మొదటి దానికి ప్రయత్నించారు గానీ, పైథాన్ నుంచి లాంబ్డాను పిలిచే అమెజాన్ వారి బోటో3 లైబ్రరీ జవాబు వచ్చేదాకా ఆగే స్వభావం గలది. దాని చుట్టూ ‘అసింక్’ అని రాసినంత మాత్రాన అది ఆగడం మానదు.

ఫంక్షన్ తేల్చిన ఫలితం మీ ప్రోగ్రామ్‌కు తిరిగి కావాలంటే పిలుపులను థ్రెడ్‌ల (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పాయల) మీద నడపండి. పైథాన్‌లో థ్రెడ్‌పూల్ ఎగ్జిక్యూటర్ ఉంది, 3.9 వెర్షన్ నుంచి అసింక్ఐవో లైబ్రరీలో ‘టు థ్రెడ్’ కూడా ఉంది. ఒకేసారి 10 పిలుపులు నడిస్తే 14 విడతలు, 280 సెకన్లు, అంటే 5 నిమిషాల లోపు. బోటో3 మామూలుగా 10 కనెక్షన్లే తెరిచి ఉంచుతుంది. అంతకంటే ఎక్కువ థ్రెడ్‌లు పెడితే ఆ సంఖ్యనూ పెంచండి. బోటో3 జవాబు కోసం 60 సెకన్లే వేచి చూసి, ఆపై అదే పిలుపును మళ్లీ పంపుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. ఏదో ఒక రోజు లెక్క నిమిషం దాటిందంటే, ఒకే చెరువుకు ఫంక్షన్ రెండుసార్లు నడుస్తుంది.

అయితే మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఎస్సెమ్మెస్ పంపేది ఫంక్షనే, ప్రోగ్రామ్‌కు ఫలితంతో పని లేదు. అలాంటప్పుడు రసీదు పద్ధతే మేలని నా అభిప్రాయం. పిలుపులో ఇన్వొకేషన్ టైప్‌ను (పిలుపు రకాన్ని) ‘ఈవెంట్’ అని మార్చండి, చాలు. లాంబ్డా మీ సమాచారాన్ని తన క్యూలో వేసుకుని వెంటనే 202 అనే సంఖ్య తిరిగి ఇస్తుంది, 140 పిలుపులూ చూస్తుండగానే అయిపోతాయి. కానీ 202 అంటే ‘ముట్టింది’ అని మాత్రమే అర్థం, ‘పని అయింది’ అని కాదు. ఫంక్షన్ పేరు తప్పుగా రాసినా, పిలిచే అనుమతి లేకపోయినా అక్కడికక్కడే తెలుస్తుంది గానీ, ఫంక్షన్ లోపల ఏది చెడినా మీ ప్రోగ్రామ్‌కు ఆ కబురు రాదు.

లోపల చెడితే లాంబ్డా తనంత తానే ఒక నిమిషం ఆగి ఒకసారి, మరో రెండు నిమిషాలు ఆగి ఇంకొకసారి ప్రయత్నిస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. ఎస్సెమ్మెస్ వెళ్లాక, రిజిస్టర్‌లో నమోదు చేసేచోట ఫంక్షన్ కూలిపోయిందనుకోండి, అదే రైతుకు అదే హెచ్చరిక మూడుసార్లు వెళ్తుంది. అందుకని చెరువు నంబరు, కొలత తీసిన సమయం కలిపి ఒక గుర్తు తయారుచేసి, అది అమెజాన్ డేటాబేస్ అయిన డైనమోడీబీ పట్టికలో ఉందేమో ముందు చూడండి. లేకపోతే ఎస్సెమ్మెస్ పంపి, వెంటనే ఆ గుర్తు రాసి, తక్కిన పనులన్నీ ఆ తర్వాత పెట్టుకోండి. గుర్తును ముందే రాసేస్తే, పంపేచోట తప్పినప్పుడు మలి ప్రయత్నాలు ‘ఇది అయిపోయింది’ అనుకుని వదిలేస్తాయి. పెళ్లి శుభలేఖ రెండుసార్లు వెళ్తే నవ్వులాట కావచ్చు గానీ, రొయ్యల విషయంలో అసలు వెళ్లకపోవడం కంటే రెండుసార్లు వెళ్లడమే నయం.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఒకేసారి నడిచే ఫంక్షన్ల సంఖ్యకు పరిమితి ఉంది, కొత్త ఖాతాలకు అది బాగా తక్కువ ఉండవచ్చు. అది దాటితే పిలుపులు మాయమైపోవు, క్యూలో ఉండి 6 గంటల వరకు మళ్లీ మళ్లీ ప్రయత్నం జరుగుతుంది. 4 గంటలనాటి ‘ఆక్సిజన్ తగ్గింది’ అనే మాట ఎండెక్కి ఆక్సిజన్ పెరుగుతున్న 9 గంటలకు అందితే ఆ రైతు మీ యాప్‌ను మళ్లీ నమ్ముతారా? ఫంక్షన్ సెట్టింగుల్లో ఈవెంట్ గరిష్ఠ వయస్సును 60 సెకన్ల నుంచి 6 గంటల మధ్య ఎంతైనా పెట్టుకోవచ్చు. మీకు 600 సెకన్లు సరిపోతాయి. గడువు దాటినవీ, మూడు ప్రయత్నాల్లోనూ విఫలమైనవీ ఎస్‌క్యూఎస్ అనే అమెజాన్ సందేశాల క్యూలోకి చేరేలా ‘విఫలమైతే’ అనే గమ్యాన్ని కూడా పెట్టి, అక్కడ ఏది పడినా మీ ఫోన్ మోగేలా చూసుకోండి. ఈ ఏర్పాటు లేకుండా ఈవెంట్ పద్ధతికి మారవద్దు.

ప్రశ్న: కొబ్బరి వ్యాపారుల బిల్లింగ్ కోసం నోడ్ (సర్వర్ మీద నడిచే జావాస్క్రిప్ట్)లో రాసిన ఒక లాంబ్డా నుంచి రెండో లాంబ్డాను ‘ఈవెంట్’ రకంలో పిలుస్తున్నాను. ఆలస్యం కాకూడదని ‘అవెయిట్’ (జవాబు వచ్చేదాకా ఆగమనే మాట) తీసేశాను. ఒక్కోసారి రెండోది నడవడం లేదు, ఒక్కోసారి తర్వాతి బిల్లు కొట్టినప్పుడు పాత బిల్లుది నడుస్తోంది. – అమలాపురం

జవాబు: ఫంక్షన్ జవాబు ఇచ్చి ముగించిన క్షణాన లాంబ్డా అది నడుస్తున్న చోటును ఉన్నదున్నట్టు స్తంభింపజేస్తుంది. మీ పిలుపు అప్పటికి నెట్‌వర్క్‌లోకి వెళ్లి ఉండకపోతే అదీ అక్కడే ఆగిపోయి, తర్వాతి బిల్లుకు మేలుకొని బయలుదేరుతుంది, మేలుకోకపోతే పోతుంది. రసీదు తీసుకోకుండానే రేవు నుంచి వచ్చేశారన్నమాట. ‘ఈవెంట్’ రకం ఉంచండి, ‘అవెయిట్’ కూడా తిరిగి పెట్టండి. మీరు ఆగేది 202 వచ్చేంత వరకే, రెండో ఫంక్షన్ ముగిసేదాకా కాదు.

ప్రశ్న: మా నర్సరీ మొక్కల ఫోటోలను ఈవెంట్ పద్ధతిలో లాంబ్డాకు పంపితే పరిమాణం ఎక్కువైందని తిప్పికొడుతోంది. మామూలు పిలుపులో అవే ఫోటోలు వెళ్తున్నాయి. – కడియం

జవాబు: జవాబు కోసం ఆగే పిలుపులో 6 మెగాబైట్ల వరకు పంపవచ్చు, ఈవెంట్ పిలుపులో పరిమితి దానికంటే బాగా తక్కువ. ఫోటోను ఎస్3 (అమెజాన్ వారి ఫైళ్ల గోదాము)లో ఉంచి, పిలుపులో దాని చిరునామా మాత్రమే పంపండి. ఇంకా సులువైన దారి ఉంది: ఎస్3లో కొత్త ఫోటో పడగానే అదే లాంబ్డాను అసింక్రోనస్‌గా పిలిచేలా అమర్చుకోవచ్చు, అప్పుడు మీ ప్రోగ్రామ్ పిలవనక్కరలేదు. ఫలితాన్ని మాత్రం వేరే బకెట్‌లో (ఎస్3లోని అరలో) రాయండి; అదే బకెట్‌లో రాస్తే, ఆ ఫలితాన్ని కూడా కొత్త ఫోటో అనుకుని ఫంక్షన్ తనను తానే మళ్లీ మళ్లీ పిలుచుకుంటుంది, బిల్లు మీకు వస్తుంది.