‘ల్యూ’ అక్షరం గురించి రాసే ముందు

నాన్నా, ఆశీస్సులు.

చైనీస్‌లో ప్రయాణానికి వాడే ‘ల్యూషింగ్’ (旅行) మాట పుట్టుక మీద వ్యాసం మొదలుపెట్టావట. ఇందులో షింగ్‌తో పెద్ద పేచీ లేదు. పాత రూపంలో అది నాలుగు దారుల కూడలి బొమ్మ, నడక అన్న అర్థం అందులోంచే వచ్చింది. తిప్పలన్నీ ల్యూతోనే.

ముందు దాన్ని చేత్తో ఓ ఇరవైసార్లు రాయి. మొత్తం 10 గీతలు: ఎడమ సగంలో 4, కుడివైపు పైన 2, కింద 4. కింది నాలుగింటిలో చివరి రెండూ ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ జారాలి. చాలామంది అక్కడ అడ్డగీత, కొక్కెం గీత పెట్టి వేరే అక్షరం చేసేస్తారు. ఆ కింది భాగం పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు మనుషులకు మిగిలిన ఆనవాలు. అది గుర్తుంటే చెయ్యి తప్పదు.

ఎడమ సగం ‘దిక్కు’ అనే అర్థమున్న ఫాంగ్ (方) అక్షరంలా ఉంటుంది. అది చూసి, దిక్కు పట్టుకుని పోవడమే ప్రయాణమని కథ అల్లావో, వ్యాసం అక్కడే చెడిపోతుంది. క్రీ.పూ. 1200 ప్రాంతం నాటి, చైనాలోని ఆన్‌యాంగ్‌లో దొరికిన ఎముకల మీది రాతల్లో ఉన్నది జెండాకర్ర, దాని కింద మనుషులు. రాత మారేకొద్దీ జెండా రెండు ముక్కలైంది: ఎడమ సగం, కుడివైపు పై రెండు గీతలు. విహారయాత్రను చెప్పే ‘ల్యూయౌ’లోని యౌలోనూ ఇదే జెండా దాక్కుని ఉంది.

అర్థాలను కాలక్రమంలో పెట్టు. సుమారు క్రీ.శ. 100లో షూ షెన్ అనే చైనా పండితుడు తన నిఘంటువులో ల్యూ అంటే 500 మంది సైనికులన్నాడు. జౌ రాజ్యపు కొలువుల్ని వివరించే పాత గ్రంథం ‘జౌ లీ’ లెక్కా అదే: 5 మంది ఒక వూ, 25 మంది ల్యాంగ్, 100 మంది జూ, 500 మంది ల్యూ. నేటి చైనా సైన్యంలో బ్రిగేడ్‌ను ల్యూ అనే అంటారు. దండయాత్ర, జైత్రయాత్ర అనే మనకు ఇదేం వింత కాదు. ఇల్లు వదిలి పరాయిచోట బస చేసే గుంపు నుంచి బాటసారి అర్థం వచ్చిందని చెబుతారు. జోస్యానికి వాడే పాత గ్రంథం యీజింగ్‌లో 56వ షడ్రేఖ (ఆరు గీతల గుర్తు) పేరు ల్యూ, అక్కడ అర్థం బాటసారే.

ఒక్క వాక్యం దగ్గరగా చూడు. అదే గ్రంథంలో ‘షాంగ్‌ల్యూ పూ షింగ్’ అని ఉంది: అయనాంతం రోజున కనుమద్వారాలు మూసేవారు, వర్తకులూ బాటసారులూ కదలరు. ఇక్కడ ల్యూ మనుషులు, షింగ్ వాళ్ల నడక. నేటి మాటలో ఆ రెండూ అతుక్కుపోయాయి.

పాత పుస్తకంలో ల్యూ కనబడగానే ప్రయాణమని అనువదించకు. కన్ఫ్యూషియస్ సంభాషణల్లో జీ అనే ప్రభు వంశపువాడు తాయ్ పర్వతం దగ్గర చేసిన ‘ల్యూ’ విహారం కాదు, పర్వతానికి ఇచ్చిన బలి.

ఇక వాడుక. మనం ఆఫీసుకు బస్సులో వెళ్లడాన్నీ ప్రయాణమే అంటాం, ల్యూషింగ్ అక్కడ నప్పదు. దాని వెనక ఊరి పేరు నేరుగా తగిలించకు. ‘ఫలానా ఊరికి వెళ్లి’ అన్న ముక్క ముందు రావాలి. పలికేటప్పుడు పెదాలు ఊకారానికి గుండ్రంగా పెట్టి, లోపల ఈకారం అను. ఇంగ్లీషు అక్షరాలతో చైనీస్ టైపు చేసేటప్పుడు ఆ అచ్చుకు ‘వి’ మీట నొక్కు. ‘యు’ నొక్కితే రోడ్డు అనే అర్థమున్న ‘లూ’ లాంటివి వచ్చి కూర్చుంటాయి.

మీ పెదనాన్న